జార్జిటౌన్: వీధి పేర్లలో మిగిలిన చెన్నపట్నం

చెన్నైలోని ప్యారిస్ కార్నర్‌లో, డేర్ హౌస్ ఆవరణలో ఓ పక్కగా పాత రాతి స్తంభం ఒకటి ఉంది. రోజూ ఆ దారిన వెళ్లే వేల మందిలో దాన్ని పట్టించుకునేవారు అరుదు. 1773లో ఈస్టిండియా కంపెనీ నాటించిన సరిహద్దు స్తంభాల్లో మిగిలింది అదొక్కటే. ఆ స్తంభానికీ సెయింట్ జార్జి కోటకూ మధ్య ఎవరూ ఇల్లు కట్టరాదన్నది అప్పటి ఆజ్ఞ. జార్జిటౌన్ ఎలా పుట్టిందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దామర్ల వెంకటప్ప నాయకుడి నుంచి 1639లో కంపెనీ అనుమతి పొంది కోట కట్టుకుంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. కోటకు ఉత్తరాన, గోడను ఆనుకునే నేతగాళ్లు, వర్తకులు, దుబాసీలు ఊరు కట్టుకున్నారు. దొరలు దాన్ని ‘బ్లాక్ టౌన్’ అన్నారు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1749లో అది తిరిగి చేతికొచ్చాక, కోట పక్కన ఇళ్లుంటే శత్రువుకు చాటు దొరుకుతుందని కంపెనీ గట్టిగా నమ్మింది. 1758-59లో లాలీ ముట్టడితో ఆ భయం ఇంకా పెరిగింది. ఫిరంగి గుళ్లకు అడ్డు లేకుండా పాత ఊరిని నేలమట్టం చేశారు. చెన్నకేశవస్వామి గుడీ మిగల్లేదు. ఆ గుడి ఉన్న చోటే 1892 నాటి హైకోర్టు భవనం లేచింది. స్వామికి దేవరాజ మొదలి వీధిలో వేరే చోటు దొరికింది. పక్కనే చెన్నమల్లీశ్వరుడు. రెండు ఆలయాలనూ కలిపి జంట గుళ్లుగా చూస్తారు.

ఇల్లు పోయినవారు ఉత్తరానికి జరిగారు. అక్కడ అప్పటికే ముత్యాల్‌పేట, పెద్దనాయకన్‌పేట ఉన్నాయి. ఊరి కావలి బాధ్యత చూసిన పెద్దనాయకుడి పేరే రెండో దానికి వచ్చింది. ఈ రెండు పేటలే కొత్త బ్లాక్ టౌన్. అయిదో జార్జి పట్టాభిషేకం జరిగిన 1911లో అది జార్జిటౌన్ అయింది.

అయితే ఈ పేటల విభజన కేవలం భౌగోళికం కాదు. దక్షిణాది కులాలను ‘కుడిచేయి’, ‘ఎడమచేయి’ వర్గాలుగా చూసిన కాలమది. పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో వెళ్లాలన్న దాని మీదా తగాదాలు చెలరేగేవి. 1707-08లో గొడవలు ముదిరినప్పుడు గవర్నర్ థామస్ పిట్ కుడిచేయి వారికి పెద్దనాయకన్‌పేట, ఎడమచేయి వారికి ముత్యాల్‌పేట అని తేల్చాడు. కోమట్లు కుడిచేయి వర్గం. కొత్వాల్ చావడి దగ్గర కన్యకాపరమేశ్వరి ఆలయం ఉండటానికి ఇదే నేపథ్యం. ఆ చావడిలోని టోకు కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు తరలిపోయింది. గుడి మాత్రం కదల్లేదు. విశ్వకర్మలు ఎడమచేయి వర్గం. వారి కాళికాంబ ఆలయం ముత్యాల్‌పేట వైపు తంబుచెట్టి వీధిలో ఉంది.

ఇక్కడ వీధి పేర్లు చదువుతూ నడవడమే ఓ చరిత్ర పాఠం. మింట్ స్ట్రీట్ తమిళంలో తంగసాలై. తెలుగువారికి టంకశాల అంటే వెంటనే అర్థమవుతుంది. సుంకురామ వీధి కంపెనీ పెద్ద వర్తకుడు సుంకు రామచెట్టిది. త్యాగయ్య మద్రాసు వచ్చినప్పుడు బస చేసింది బందరు వీధిలో, కోవూరు సుందర మొదలియార్ ఇంట్లో. అర్మీనియన్ స్ట్రీట్‌ది వేరే కథ. అర్మీనియన్లు 1772లో కట్టుకున్న చర్చి నేటికీ నిలిచి ఉంది. ప్రపంచంలో తొలి అర్మీనియన్ పత్రిక ‘అజ్దారార్’ 1794లో వెలువడింది మద్రాసు నుంచే. దాన్ని నడిపిన షమవోనియన్ ఆ చర్చి ఆవరణలోనే శాశ్వత నిద్రలో ఉన్నారు. తమిళుల నోట అర్మీనియన్ కాస్తా ‘అరణ్మనైకారన్’ అయింది. అంటే రాజభవనంలో ఉండేవాడు! పాపం, వాళ్లు వ్యాపారులు.

ఈ పేర్లకే ఇప్పుడు పరీక్ష వచ్చింది. వీధుల పేర్లలోంచి కులసూచక పదాలు తీసేయాలని తమిళనాడు ప్రభుత్వం 2025 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. ఎంజీఆర్ హయాంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. కొన్ని బోర్డుల మీద చెట్టి, నాయకన్ పోయాయి కానీ జనం నోట పోలేదు. ఊరు పేరులో కులం తగిలించి అవమానించే చోట ఈ మార్పు న్యాయమే, దాన్ని కాదనడం కష్టం. జార్జిటౌన్‌లో మాత్రం లింగిచెట్టి, తంబుచెట్టి, గోవిందప్ప నాయకన్ అన్నవి కులం పేర్లు కావు, మనుషుల పేర్లు. వారిలో చాలామందికి విగ్రహం లేదు, ఇల్లు మిగల్లేదు, బోర్డు ఒక్కటే ఉంది. మరోవైపు ఈ వీధులను కులాన్ని బట్టి పంచారన్నదీ వాస్తవమే. పేరు తుడిచేస్తే ఆ పంపకానికి ఉన్న సాక్ష్యమూ పోతుంది. అసలు పేరు ఉంచి, కింద రెండు వాక్యాల్లో ఆ మనిషి ఎవరో రాస్తే ఎక్కువ ఉపయోగం.

పేరు మార్చిన అనుభవం ఇక్కడే ఒకటుంది. రెండు పేటల మధ్య మురుగు పల్లాన్ని పూడ్చి, 18వ శతాబ్దం చివర్లో స్టీఫెన్ పోఫమ్ వేసిన దారి బ్రాడ్‌వే. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో, ప్యారిస్ కార్నర్ దగ్గర పోలీసు తుపాకులకు ఛాతీ చూపిన టంగుటూరి ప్రకాశం గుర్తుగా అది ప్రకాశం సాలై అయింది. బస్సుల బోర్డుల మీద నేటికీ బ్రాడ్‌వే అనే ఉంటుంది.