లేచిపోయిన పెండ్లిండ్ల వెల: 19వ శతాబ్ది కలకత్తా సాక్ష్యము

తెలుగున 'లేచిపోవు' అను క్రియకు కర్త సాధారణముగా స్త్రీ. పురుషుడు కర్త యైనచో 'లేవదీసికొనిపోవు' అందుము. వంగభాషలో నిట్టి స్త్రీని 'కులత్యాగిని' యని వ్యవహరింతురు. కార్యము ఇరువురిదైనను, ఇల్లు విడిచినది ఆమె యనియే రెండు భాషలును లెక్కించుచున్నవి. ఆ లెక్కలో నామె చెల్లించిన వెల యెంత యను ప్రశ్నకు కలకత్తా చరిత్రమున గట్టి ఆధారములు దొరకుచున్నవి.

శాస్త్రదృష్టితో చూచినచో గాంధర్వమంత చవుక వివాహము వేరొకటి లేదు. శుల్కము లేదు, అలంకరించి యిచ్చు దాతయు లేడు. చిక్కు స్త్రీధనము కడ వచ్చును. సంతతి లేక మరణించిన స్త్రీ ధనము గాంధర్వమునందు సైతము భర్తకే చెందునని మనువు (9-196) చెప్పెను. యాజ్ఞవల్క్యుడన్ననో, బ్రాహ్మాదులైన నాలుగు వివాహములందే భర్తకు, తక్కినవానియందు తల్లిదండ్రులకు నని విధించెను. ఆంధ్రదేశమున ప్రమాణమైన మితాక్షర యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యయే. కావున మనకడ, తల్లిదండ్రులను కాదని వెడలిన బిడ్డ సొమ్ము కడకు వారి గడపకే తిరిగి వచ్చుట న్యాయమయ్యెను.

ఇక కలకత్తా. డిరోజియో శిష్యులలో నొకడగు దక్షిణారంజన ముఖోపాధ్యాయుడు (1814-1878) బర్ద్వాను మహారాజు తేజశ్చంద్రుని వితంతువగు వసంతకుమారిని పెండ్లాడెను. వరుడు బ్రాహ్మణుడు, వధువు ఖత్రీ వంశజ, అందును విధవ, అందును రాణి. ఆమె రాజగృహమును విడిచి వచ్చినది. విధవావివాహమునకు గాని, రిజిష్టరు పెండ్లికి గాని నాటికింకను చట్టము లేదు. కాన వారు పోలీసు మేజిస్ట్రేటు నెదుట తమ వివాహమును నమోదు చేయించుకొనిరి. పెండ్లికి పోలీసు కచ్చేరి శరణ్యమగుట విచిత్రమే గాని, ఆనాటికి వేరు దారి యేది?

1849లో బెథూన్ బాలికాపాఠశాలకు తన గృహమును విడిది గావించి, భూమిని దానమిచ్చిన వదాన్యు డీ దక్షిణారంజనుడే. అట్టివానికిని కలకత్తాలో వెలి తప్పలేదు. అతడు లక్నో చేరెను. 1857 తిరుగుబాటు పిమ్మట ప్రభుత్వ మతనికి అయోధ్య రాష్ట్రమున తాలూకా నొసగెను. 1861లో నేర్పడిన తాలూకాదారుల సంఘమునకును, 1864 నాటి కానింగు కళాశాలకును అతడు మూలస్తంభములలో నొకడు. వరుడు తాను పోగొట్టుకొన్న స్థానమును వేరొక నగరమున మరల గడించుకొనెను. వసంతకుమారి పేరు మాత్రము అతని చరిత్రలో నొకటి రెండు వాక్యములకు మించి కానరాదు.

ఇంగ్లండున 1754లో అమలైన వివాహచట్టమును తప్పించుకొనుటకు జంటలు స్కాట్లండు సరిహద్దునందలి గ్రెట్నాగ్రీనునకు పరుగిడెడివి. అచట పెండ్లి జరిపించువారు జంట వాలకమును చూచి రుసుము నిర్ణయించెడివారు. 1856లో 21 దినముల నివాస నిబంధన వచ్చి ఆ వ్యాపారమును క్రుంగదీసెను. ఆ యేటనే కలకత్తాలో విధవావివాహముల 15వ చట్టము వెలువడెను. దాని మొదటి ప్రకరణము అట్టి వివాహము చెల్లుననెను. రెండవ ప్రకరణము, మరల పెండ్లాడిన స్త్రీ ఆ క్షణముననే మరణించినట్లు భావించి, మొదటి భర్త యాస్తిని తరువాతి వారసుల కీయవలెననెను. అనుమతి యొక చేత, వెల మరియొక చేత!

ఈ లోటును పూరించువాడెవడు? 1856 డిసెంబరు 7న సుకియా వీథిలో జరిగిన మొదటి వివాహము మొదలుకొని, నగలు, వస్త్రములు, విందు అన్నియు విద్యాసాగరుని మీదనే పడెను. అరువది వివాహములకు 82,000 రూపాయలు వ్యయమైనట్లు ఆయన జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఆయన ఋణగ్రస్తుడయ్యెను, ధనమునకై పెండ్లాడ వచ్చిన వరులును లేకపోలేదు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11 నాటి వివాహమునకు వీరేశలింగముగారు, తల్లి యంగీకారముతో, బంధువుల కంటబడకుండ బాలవితంతువును రప్పించిరి. ఆ యుద్యమమునకు ధనబలము కాకినాడ వర్తకుడగు పైడా రామకృష్ణయ్యగారిది.

కేశవచంద్రసేనుని కృషివలన 1872లో 3వ చట్టము వచ్చెను. అందు రుసుము స్వల్పము. కాని 14 దినముల ముందు నోటీసు ఈయవలెను. వధూవరులు తాము హిందువులము కామని వాఙ్మూలము వ్రాయవలెను. మాతంగిని గుప్త యను వితంతువు అట్లే వ్రాసి పెండ్లాడెను. హిందువును కానన్న స్త్రీకి హిందూ వితంతువుల చట్టము వర్తించునా? 1891లో కలకత్తా హైకోర్టు నిండు ధర్మాసనము, అధిక సంఖ్యాకుల తీర్పుతో, ఆమె మొదటి భర్త యాస్తిని కోల్పోయినదనెను. పెండ్లికై మతనామమును వదులుకొన్నది. ఆ మతమునకు చెందిన వితంతువుగనే ఆస్తిని పోగొట్టుకొన్నది. 1856 నాటి చట్టమును పార్లమెంటు 1983లో రద్దుచేసెను.