క్లాంగ్ మీద పడే నిందలు: అపోహలు – వాస్తవాలు

సీ ప్రోగ్రాం మొరాయిస్తే ముందు తిట్లు పడేది కంపైలర్‌కే. మనం రాసిన కోడును చదివి, అర్థం తేల్చి, ఐఆర్ అనే మధ్యస్థ రూపంలోకి దించే భాగం ఫ్రంట్ ఎండ్. ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ కుటుంబంలో ఆ పని క్లాంగ్‌ది. అది అసలేం రాసి ఇచ్చిందో చూసేవాళ్లు మాత్రం తక్కువ.

అపోహ: ఎర్రర్ చూపిన లైన్లోనే తప్పు ఉంటుంది.

ఆ లైను, కోడు నిర్మాణాన్ని చదివే పార్సర్ ఇక ముందుకు కదల్లేక ఆగిన చోటు మాత్రమే. ఒక ఫంక్షన్ చివర మూసే బ్రేస్ మరిచిపోతే క్లాంగ్ అక్కడ కిక్కురుమనదు. తర్వాతి ఫంక్షన్ దాకా వచ్చి, ‘ఇక్కడ ఫంక్షన్ డెఫినిషన్ కుదరదు’ అంటుంది. పాపం ఆ ఫంక్షన్‌ను ఎంత గాలించినా ఏమీ దొరకదు, పైకి వెళ్లి చూడాలి.

అపోహ: 20 ఎర్రర్లొస్తే 20 తప్పులున్నట్టు.

మామూలుగా 20 దగ్గర క్లాంగే ఆపేస్తుంది. ఒక తప్పు వెనకే మరికొన్ని ఎర్రర్లు పుడతాయి. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి, చాలావరకు తక్కినవీ పోతాయి.

అపోహ: ఆప్టిమైజేషన్ ఆపిన ఓ-జీరో స్థాయిలో వచ్చే ఐఆర్ చూస్తే ఫ్రంట్ ఎండ్‌కు బుర్ర లేదని తెలిసిపోతుంది.

నిజమే, చూడ్డానికి అలాగే ఉంటుంది. ప్రతి లోకల్ వేరియబుల్‌కూ స్టాక్‌లో చోటు కేటాయించే ఒక ‘ఆలోకా’, విలువ పెట్టినప్పుడల్లా ‘స్టోర్’, వాడినప్పుడల్లా ‘లోడ్’. కానీ అది కావాలని చేసిన పని. ఐఆర్‌లో ఒక పేరుకు విలువ ఒక్కసారే ఇవ్వాలి. ఇఫ్‌లు, లూప్‌లు ఉన్న కోడులో ఆ నియమం పాటించడం పెద్ద తలనొప్పి. అందుకని క్లాంగ్ అన్నిటినీ మెమరీలో పెట్టేస్తుంది. వాటిని రిజిస్టర్లలోకి ఎత్తే బాధ్యత తర్వాత వచ్చే మెమ్-టు-రెగ్ లాంటి ఆప్టిమైజేషన్ పాస్‌లది.

ఇక్కడో చిక్కుంది. ఓ-జీరోలో తీసిన ఐఆర్‌ను, ఆ పాస్‌లను విడిగా నడిపే ‘ఆప్ట్’ టూల్‌కిస్తే ఏ మార్పూ కనిపించదు. ప్రతి ఫంక్షన్ మీదా క్లాంగ్ ‘ఆప్ట్‌నన్’ (ఆప్టిమైజ్ చేయొద్దు) అనే ముద్ర వేసి ఉంటుంది మరి. ఆప్టిమైజ్ చేసే ఓ-టూ స్థాయి ఇచ్చి, ఎల్ఎల్‌వీఎం పాస్‌లను ఆపేసే ఆప్షన్ జోడిస్తే ఆ ముద్ర లేని ఫ్రంట్ ఎండ్ ఐఆర్ చేతికొస్తుంది.

అపోహ: ఓ-టూ పెట్టగానే నా ఓవర్‌ఫ్లో చెక్ మాయమైంది, ఆప్టిమైజర్‌లో బగ్ ఉంది.

ఎక్స్ అనే ఇంట్ తీసుకుని ‘ఎక్స్ + 1 > ఎక్స్’ను తిరిగిచ్చే ఫంక్షన్ రాసి చూడండి. ఓ-జీరో ఐఆర్‌లో కూడిక, పోలిక రెండూ ఉంటాయి. ఓ-టూలో మిగిలేది ఒక్క లైను: 1ని తిరిగి ఇవ్వు. కారణం ఓ-జీరో ఐఆర్‌లోనే ఉంది. ‘యాడ్’ పక్కన ఎన్ఎస్‌డబ్ల్యూ అనే గుర్తు చూడండి: ఈ కూడికలో సైన్డ్ ఓవర్‌ఫ్లో రాదని ఫ్రంట్ ఎండ్ ఇచ్చిన హామీ. సీ ప్రమాణంలో సైన్డ్ ఓవర్‌ఫ్లోకు నిర్వచనమే లేదు కాబట్టి ఇచ్చింది. ఆప్టిమైజర్ దాన్ని నమ్మింది, అంతే. ఎక్స్‌ను అన్‌సైన్డ్ చేసినా, ఎఫ్-ర్యాప్‌వీ ఫ్లాగ్ పెట్టినా గుర్తు పోతుంది, పోలిక నిలుస్తుంది. ఇలాంటి నిర్వచనం లేని ప్రవర్తనను పట్టే యూబీశాన్‌ను ఆన్ చేస్తే క్లాంగే ఐఆర్‌లో తనిఖీలు చొప్పించి, ప్రోగ్రాం నడిచేటప్పుడు ఓవర్‌ఫ్లో జరిగిన లైను చెబుతుంది.

అపోహ: కంపైలర్లో బగ్‌లుండవు.

ఉంటాయి. యూటా విశ్వవిద్యాలయం వారి సీస్మిత్, యాదృచ్ఛిక సీ ప్రోగ్రాములు పుట్టించి, కంపైలర్లలో 325కు పైగా కొత్త బగ్‌లు బయటపెట్టిందని 2011లో ప్రచురించారు. క్లాంగ్ స్వయంగా కుప్పకూలితే ప్రీప్రాసెస్ చేసిన సోర్సు, దాన్ని మళ్లీ నడిపే స్క్రిప్టు టెంప్ ఫోల్డర్లో రాసిపెట్టి, బగ్ రిపోర్టుకు జతచేయమంటుంది. సీరెడ్యూస్ అనే టూల్‌తో ఆ సోర్సును కుదించి పంపితే చూసేవాళ్ల పని తేలికవుతుంది.