మాటనేర్చిన యంత్రము - మామిడితోట మందులు

పుష్యమాసమున నూజివీటి ప్రాంతమున ఏ ఇద్దరు రైతులు కలిసికొన్నను మాట పూతమీదికే పోవును. తేనెమంచు పురుగు పడినదా, బూడిద తెగులు కనబడినదా అని. ఈనడుమ ఆ ప్రశ్నలనే ఇంటి పడుచువాండ్రు చేతిఫోనులోని మాటలాడు యంత్రమును అడుగుచున్నారు. అది తెలుగుననే, చదువుకొన్నవానివలె, తడబాటు లేక బదులు చెప్పును. ఆ తడబాటు లేకుండుటయే నాకు భయము కలిగించుచున్నది.

దీనిని కృత్రిమ మేధ యందురు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడినది మొదలు ఇట్టివి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇది గ్రంథము తెఱచి చూచి చెప్పునని పలువురు తలంతురు. స్వభావముచేత అట్లు కాదు. లెక్కకు మించిన వ్రాతలను చదివించి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట కద్దో దీనికి నేర్పినారు. అడిగినపుడు ఆ అలవాటు చొప్పున మాటకు మాట కూర్చును. కొన్ని యంత్రములు ఇపుడు అంతర్జాలమున వెదకియు చెప్పుచున్నవి. వెదకి తెచ్చిన వ్రాత ఏనాటిదో అడుగువాడే చూచుకొనవలెను.

బూడిద తెగులునే తీసికొనుడు. దానికి డైనోకాప్ అను మందును, అనగా మనవారు కారాథేన్ అని పిలిచినదానిని, చల్లుమని వ్యవసాయపు పుస్తకములు ఏండ్ల తరబడి వ్రాసినవి. జంతువులపై జరిపిన పరీక్షలలో అది గర్భస్థ శిశువులకు హానిచేయునని తేలినది. 2023లో భారతప్రభుత్వము దానిని నిషేధించినది. తేనెమంచు పురుగుకు మనవారు వాడిన మోనోక్రోటోఫాస్ ద్రావణమును నిలుపుటకును ఆ యేడే ఉత్తరువైనది. కాని పాత వ్రాతలు చెరిగిపోలేదు గదా! నా యెదుట ఒక బాలుడు అడుగగా యంత్రము కారాథేనునే చెప్పినది. మోతాదును గూడ చుక్కతో సహా చెప్పినది. ఆ మందే ఉండరాదను సంగతి మాత్రము చెప్పలేదు.

ఆ చుక్క సంగతియు కొంత కలదు. ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు అని యుండవలసినచోట 3 అని పడినచో, 200 లీటర్ల డ్రమ్ములో 60కి మారుగా 600 మిల్లీలీటర్లు పోయుదుము. పూతకు మేలుచేయు ఈగలును తేనెటీగలును చచ్చును, మందు కలుపు కూలివానికి ప్రమాదము, సొమ్మును దండుగ. యంత్రము తప్పును ఒప్పును ఒకే గొంతుతో చెప్పును గనుక వినువానికి అనుమానమే పుట్టదు. మన ముసలి తోటమాలి తెలియనిచో తల గోకికొనును. అది యెంతో మేలు.

ఉత్తరము చదివించుకొనుటకు, అర్జీ వ్రాయించుకొనుటకు ఈ యంత్రము పనికివచ్చును, కాదనను. మందు విషయమున మాత్రము నూజివీటి మామిడి పరిశోధన స్థానము వారిని అడుగుట మంచిది. పురుగు అంతదాక ఆగదందురా? డబ్బామీది చీటియు, దానితో వచ్చు కాగితమును చదువుటకు పూట పట్టదు. ఏ పంటకో, ఎంత నీటికో అందు అచ్చువేసి యుండును. అందు మామిడి పేరు లేనిచో, ఫోను ఎంత నచ్చజెప్పినను, ఆ మందును డ్రమ్ములో పోయవలదని పడుచువాండ్రకు చెప్పుడు.