తెర మీది పందెం, వీధిలోని ప్రాణం

పందెమంటే మనవారికి ప్రాణం లేచివస్తుంది. సంక్రాంతికి ఎడ్ల పందేలు చూసి ఈలలు వేసినవారి మనుమలు యీనాడు చెన్నపట్నంలో టెలివిజన్ ముందు కూర్చుని కార్లు పరుగెత్తిస్తున్నారు. ఎడ్లు లేవు, దుమ్ము లేదు; కేకలు మాత్రం అవే. "ఏమిట్రా ఆ గోల?" అని కసిరేముందు ఆ ఆటలో ఏమున్నదో పెద్దలు కాస్త తెలుసుకోవడం మంచిది.

యీ ఆటలు నిన్నమొన్నటివి కావు. జపానులోని నామ్కో కంపెనీవారి 'పోల్ పొజిషన్' 1982లోనే వచ్చింది. 1992లో నింటెండోవారి 'సూపర్ మారియో కార్ట్' తెరను రెండుగా పంచి, ఇద్దరు మిత్రులు పక్కపక్కన కూర్చుని పోటీపడే వీలు కల్పించింది. ఆ వరుస ఆటల్లో వొక చమత్కారం వున్నది. వెనుకబడినవాడికి మంచి సాధనాలు చిక్కుతాయి. ముందున్నవాడికి అంత గొప్పవి చిక్కవు. అందుచేత చివరి మలుపుదాకా గెలుపెవరిదో తేలదు. 2003లో వచ్చిన 'ట్రాక్‌మేనియా'లోనయితే కార్లు గాలిలోకి ఎగిరి దూకుతాయి, తలకిందులుగా చుట్టు తిరుగుతాయి. స్నేహితుడి కారు మన కారులోనుంచే దూసుకుపోతుంది గాని తగలదు! బోల్తాపడితే వొక మీట నొక్కడమే, మళ్ళీ మొదలు.

అయితే అసలు విద్య పల్టీలలో లేదు. వొకరినొకరు ఆనుకున్నట్టుగా పోవడంలో వున్నది. ముందరి కారు గాలిని చీల్చుకుంటూ పోతే దాని వెనుక ఎదురుగాలి తగ్గుతుంది. ఆ నీడలో వెనుకవాడు వేగం పుంజుకుని పక్కకు తప్పుకుని దాటుతాడు. నిజం పందేలలోని యీ కిటుకు మంచి ఆటలలోనూ వున్నది. కాని మలుపులో పక్కవాడికి కారుపట్టేంత చోటు వదలాలి. వదలనివాడితో రెండోనాడు ఎవరూ ఆడరు.

మన వూరికి పందేలు కొత్తవి కావు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో వెలసింది. నెల్లూరు దారిలో షోలవరంలోని పాత విమానస్థలంలో దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేలకని ప్రత్యేకంగా బాట వేశారు. మన చెన్నపట్నపు కరుణ్ చంధోక్ 2010లో ఫార్ములా వన్‌దాకా వెళ్ళాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ వొడ్డున విద్యుత్తు కార్లు, 2024లో యిక్కడ ఐలండ్ మైదానం చుట్టూ రాత్రివేళ ఫార్ములా ఫోర్ కార్లు పరుగెత్తాయి. ఆ వీధుల్లో ముందు మామూలు బండ్లను ఆపారు, గోడలు కట్టారు. ఆ తరువాతనే పందెం.

మెరీనా వొడ్డునా, తూర్పు తీరపు రోడ్డు మీదా రాత్రిళ్ళు కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళ పందేలు వేసుకుని పట్టుబడిన వార్తలు చదువుతూనే వున్నాం. అక్కడ గోడలూ లేవు, మళ్ళీ మొదలుపెట్టే మీటా లేదు. ఎదురుగా వచ్చేవాడు పందెంలో లేనివాడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జుర్మానా, మూడేళ్ళదాకా జైలు. చట్టం సంగతి అటుంచినా, పోయిన కాలో చెయ్యో ఎవరు తెచ్చియిస్తారు?

కనుక తాతయ్యలారా, బండి తాళంచెవులు మీ దగ్గర వుంచుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఆ రెండో మీటలపలక మీరు పుచ్చుకోండి. మనుమడు మిమ్మల్ని తప్పక వోడిస్తాడు. వోడిపోతూనే, మలుపులో చోటు వదలడం ఎందుకో వాడికి చెప్పవచ్చు. ఆ వేళ వాడు వింటాడు.