మంచం ఒకటే, మెత్తదనం రెండు

పరుపు కొనడానికి వెళ్లిన భార్యాభర్తలను దుకాణంలో మొదట అడిగేది మెత్తగా కావాలా, గట్టిగా కావాలా అని. ఒకరు మెత్తగా ఉండాలంటారు, మరొకరు గట్టిగా ఉండాలంటారు, చివరికి ఇద్దరికీ కుదురుతుందని మీడియం పరుపు ఇంటికొస్తుంది. ఏళ్ల తరబడి వాడే వస్తువును, అందులోనూ రబ్బరు పాలతో చేసే ఖరీదైన లేటెక్స్ పరుపును, ఇలా రాజీపడి కొనడం సరికాదు. లేటెక్స్‌లో ఉన్న గొప్ప సౌలభ్యం దాన్ని పొరలుగా, ముక్కలుగా అమర్చుకోగలగడం. ఆ సౌలభ్యాన్ని వాడుకుని ఒకే మంచం మీద ఇద్దరికీ ఎవరి మెత్తదనం వారికి ఏర్పాటు చేసుకోవాలి.

పరుపు గట్టిదనాన్ని కొలవడానికి ఐఎల్‌డి అనే లెక్క ఉంది. ఒక గుండ్రటి పళ్లెంతో ఫోమ్ ముక్కను నొక్కి, దాని మందంలో నాలుగో వంతు లోపలికి దిగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో చూస్తారు. 20 దగ్గర ఉంటే మెత్తన, 30 మధ్యరకం, 40 అంటే బాగా గట్టి. ఈ అంకె పరుపు గురించి చెబుతుంది గానీ పడుకునే మనిషి గురించి చెప్పదు. 30 ఉన్న పరుపులోకి 90 కిలోల మనిషి బాగా దిగిపోతాడు, కాబట్టి అతనికది మెత్తన. 50 కిలోల స్త్రీ పైపైనే ఉండిపోతుంది, కాబట్టి ఆమెకది గట్టి. పడుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. పక్కకు తిరిగి పడుకునేవారి బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది, ఆ రెండు చోట్లా పరుపు కాస్త లొంగాలి. బోర్లా పడుకునేవారికి అదే మెత్తదనం పొట్ట భాగాన్ని దిగజార్చి నడుమును వంచేస్తుంది. ఇన్ని తేడాలున్న ఇద్దరికీ ఒక్క అంకె సరిపోవడం అరుదు.

నడుముకు గట్టి పడకే మంచిది, పెద్దవాళ్లు చాప మీద పడుకోలేదా అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఈ నమ్మకాన్ని వైద్యులు పరీక్షించి చూశారు. స్పెయిన్‌లో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చి 90 రోజుల తర్వాత పోల్చారు. నొప్పి, కదలికలో ఇబ్బంది రెండో రకం వాడినవారిలోనే ఎక్కువ తగ్గాయని 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం తేల్చింది. మరి మీడియం పరుపే అందరికీ మంచిదనుకోవచ్చు కదా అనవచ్చు. అది ఒక గుంపు మొత్తం మీద తేలిన ఫలితం. గట్టిదనం పెరిగేకొద్దీ మేలన్న నమ్మకాన్ని అది కొట్టేసింది, అంతేగాని ఒకే పరుపు ప్రతి ఒంటికీ సరిపోతుందని చెప్పలేదు. మన పాత పద్ధతి కూడా ఎవరికి తగ్గట్టు వారు సర్దుకునేదే. నులక మంచం వదులైతే కాళ్ల వైపు తాడు లాగి, పడుకునేవారికి ఎంత బిగువు కావాలో అంత బిగించేవారు.

72 అంగుళాల వెడల్పు మంచానికి అమరిక ఇలా ఉంటే మేలు. అడుగున నాలుగంగుళాల గట్టి లేటెక్స్ ఇద్దరికీ ఉమ్మడిగా ఒక్కటే. దాని మీద 36 అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న రెండు ముక్కలు, ఎవరికి కావలసిన ఐఎల్‌డి వారికి. అంతటినీ కలిపి జిప్పున్న ఒకే తొడుగు. ఇద్దరి బరువుల్లో తేడా చాలా ఎక్కువైతే అడుగు పొరను కూడా రెండుగా చేయించుకోవాలి. నడుమ గాడి పడుతుందేమోనన్నది న్యాయమైన సందేహమే. లేటెక్స్ జారదు, బిగువైన తొడుగులో రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కదలకుండా ఉంటాయి. అయినా అతుకు తెలుస్తుందనిపిస్తే, లేదా పిల్లలు మధ్యలో పడుకునే ఇల్లయితే, అన్నిటి మీదా ఒక్క అంగుళం ఉమ్మడి పొర వేస్తే సరిపోతుంది. ఏడాది నిండని బిడ్డను మాత్రం ఈ మెత్తటి పరుపు మీద పడుకోబెట్టకూడదు, పసివాళ్లకు గట్టిగా, చదునుగా ఉండే వేరే పడకే క్షేమం. ఇక ఖర్చు. ముక్కలుగా చేయించుకుంటే కొంత ఎక్కువ కావచ్చు. కానీ గర్భం వచ్చినా, బరువు మారినా, నడుము నొప్పి మొదలైనా పరుపంతా పారేయకుండా ఆ ఒక్క ముక్కే మార్చుకోవచ్చు. పైగా ఆరంగుళాల మందంతో ఒకే దిమ్మగా ఉన్న పెద్ద లేటెక్స్ పరుపు 40 కిలోల దాకా తూగుతుంది. మెట్ల మీదుగా మూడో అంతస్తుకు చేర్చాలంటే ముక్కలే నయం.

ఏ సరుకుతో చేశారన్నది ఆ తర్వాతి ప్రశ్న. మన దేశంలో రబ్బరు పాలు ఎక్కువగా కేరళ నుంచి వస్తాయి. డన్‌లప్ పద్ధతిలో ఆ పాలను గాలితో గిలక్కొట్టి, నురగను అచ్చులో పోసి, వేడితో గట్టిపరుస్తారు. 1929లో బ్రిటన్‌లో పుట్టిన పద్ధతి ఇది. తలాలే పద్ధతిలో అచ్చులోంచి గాలి లాగేసి, నురగను గడ్డకట్టించి, ఆ తర్వాత వేడి చేస్తారు. ఇది అంతటా ఒకే తీరుగా, తేలిగ్గా ఉంటుంది, ధర ఎక్కువ. అడుగు పొరకు డన్‌లప్ చాలు, డబ్బుంటే పై పొరకు తలాలే తీసుకోవచ్చు. నూటికి నూరు శాతం సహజం అన్న మాటను అక్షరాలా నమ్మకూడదు, గంధకం, జింక్ ఆక్సైడ్ లాంటివి కలపకుండా ఫోమ్ తయారుకాదు. అసలు జాగ్రత్త పడాల్సింది పెట్రోలియం నుంచి తీసే కృత్రిమ రబ్బరు కలిపినచోట. గోల్స్ ముద్ర ఉంటే ముడిసరుకులో 95 శాతానికి మించి సేంద్రియమని అర్థం. ఓకోటెక్స్ ముద్ర హానికర రసాయనాలను పరీక్షించారని చెబుతుంది, సహజ రబ్బరని చెప్పదు. వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం పైన అంగుళం లేటెక్స్ వేసి, కింద ఫోమ్ తుక్కును అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ నింపి లేటెక్స్ పరుపని అమ్మడంలో ఉంది. అంత పలచని పొర ఒంటికి తెలిసేలోపే కింది ఫోమ్ తగులుతుంది. రబ్బరు అలర్జీ ఉన్నవారు వైద్యుడిని అడగకుండా లేటెక్స్ జోలికే వెళ్లకూడదు.

దూది పరుపులా లేటెక్స్ పరుపును డాబా మీద ఎండలో వేయకూడదు, ఎండకు రబ్బరు పెళుసుబారి పొడి రాలుతుంది. సముద్రతీరపు ఉక్కకు అడుగున గాలి ఆడే చెక్క పట్టీల మంచం మంచిది. దుకాణంలో ఇద్దరూ కలిసి, ఇంట్లో పడుకునే తీరులోనే పావుగంట పడుకోండి. ఒకరు పక్కకు తిరిగితే వెన్ను మెడ నుంచి తుంటి దాకా తిన్నగా ఉందో లేదో మరొకరు వెనక నుంచి చూడండి. మొత్తం మందంలో లేటెక్స్ ఎన్ని అంగుళాలు, అందులో సహజ రబ్బరు ఎంత, ఏ పక్క ఐఎల్‌డి ఎంత అన్నవి బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వడానికి ఒప్పుకోని చోట కొనకండి.