ఇబాదానులో జారిపడిన కార్డు

యౌవనమున పరదేశమేగి సేవచేసి వచ్చినవారి జీవితములను ఆ సేవ యెట్లు తీర్చిదిద్దినదో వ్రాయవలసినదని, అదియును ఉత్సాహజనకముగా వ్రాయవలసినదని, సంపాదకులు శుక్రవారము గడువు పెట్టి ఆనతిచ్చినారు. అట్టి కథలకు కొదువ లేదు. తిరిగివచ్చిన ప్రతివాడును తానిచ్చినదానికంటె పొందినదే అధికమని చెప్పును. ఇచ్చినదెంతయో పుచ్చుకొన్నవారిని విచారించినవారు అరుదు గనుక, ఆ మాటయందు నాకు మొదటినుండియు కొంత శంక. ఆ శంకతో పాత కాగితములను తిరుగవేయుచుండగా నన్ను పట్టి నిలిపినది ఒక పోస్టుకార్డు.

1961 అక్టోబరు. నైజీరియా స్వతంత్రమై ఏడాది నిండి కొలదిదినములే అయినది. అమెరికా ప్రభుత్వ సేవాసంస్థయైన పీస్ కోర్ తరఫున వచ్చిన యువజనులు ఇబాదాను విశ్వవిద్యాలయ కళాశాలలో శిక్షణ పొందుచుండిరి. వారిలో నొకతె, స్మిత్ కళాశాల పట్టభద్రురాలు, 23 ఏండ్ల మార్జరీ మిషెల్‌మోర్, స్వదేశమందలి మిత్రునికి కార్డు వ్రాసెను. ఎంత శిక్షణ పొందినను ఇచ్చటి మురికికిని, ఆదిమ జీవనస్థితికిని తాము సిద్ధపడి రాలేదనియు, తాము తప్ప అందరును వీథిలోనే నివసించి, వీథిలోనే వండుకొని, వీథిలోనే అమ్ముకొని, తుదకు కాలకృత్యములును వీథిలోనే తీర్చుకొందురనియు దాని సారము. తొలి దిగ్భ్రాంతి తీరినపిదప ఈ అనుభవము మిక్కిలి ఫలవంతముగా నున్నదనికూడ ఆమె అందే వ్రాసినది. కాని ఆ వాక్యము నాటి గలభాలో ఎవరి చెవికిని ఎక్కలేదు.

కార్డు తపాలాకు చేరకమున్నే జారి, ఒక విద్యార్థి చేతబడినది. ప్రతులు తీసి పంచిరి, సభలు జరిగినవి, వచ్చినవారు గూఢచారులన్న నిందయును పుట్టినది. ఆమె క్షమాపణ చెప్పుకొని, రాజీనామా ఇచ్చి, దేశము విడిచిపోయెను. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆమెకు ఓదార్పుగా స్వహస్తముతో లేఖ వ్రాసెనట. మరికొందరు సేవకులతో మాత్రము, క్షేమసమాచారములు తెలుపుచుండుడు గాని కార్డులమీద వలదని చమత్కరించెను.

వీథిలో వంట ఇబాదాను విద్యార్థులకు వార్త కాదు. దానిని వారును ఎరుగుదురు, బహుశః వారును విమర్శింతురు. తమ ఊరిలోనే బసచేసి, తమ నడుమనే చదువుకొనుచు, తమ తలలమీదుగా మరియొకరితో తమ్మునుగూర్చి చెప్పుకొనుట వారిని నొప్పించినది. మన పల్లెలలో కార్డును ఇంటివారికంటె ముందు తపాలావాడు చదువుననుట అందరెరిగినదే. కవరులేని మాట ఊరందరిదని అక్కడి ముసలమ్మకైనను తెలియును. సేవింపబడువాడు అక్షరాస్యుడై యుండుననియు, తనమీది వ్రాతను తానే చదువుననియు ఆ సేవాసంస్థకు తెలియుటకు ఒక యువతి ఉద్యోగము ఖర్చయినది. అయినను ఆమె చూచినది అబద్ధమని నేననజాలను. పీస్ కోర్ సేవకులు నైజీరియాకు వచ్చుట ఆ తరువాతను ఆగలేదు.

ఇట్టి పరదేశసేవ చరిత్ర, స్థలాభావముచే, క్లుప్తముగా: 1920లో స్విస్ శాంతివాది పియేర్ సెరెసోల్ ఫ్రాన్సున వెర్డూన్ చేరువ యుద్ధశిథిలములనెత్తుటకు అంతర్జాతీయ శిబిరమును నెలకొల్పెను, 1934 బీహారు భూకంపానంతరము మన దేశమునకును వచ్చెను, 1958లో బ్రిటనున వీఎస్ఓ అను స్వచ్ఛందసేవాసంస్థ, 1961 మార్చిలో పీస్ కోర్ వెలసినవి, ఈ కడపటిది భారతమున 1976 వరకుండెను.

బాక్సు: మిగిలినవారు

పీస్ కోర్ సేవకులలోనే పాల్ థెరూ మలావిలో ఉపాధ్యాయుడుగా నుండి, అక్కడి రాజకీయములలో చిక్కుకొని 1965లో బహిష్కృతుడయ్యెను. పిదప యాత్రారచయితగా ప్రసిద్ధికెక్కెను. నెట్‌ఫ్లిక్స్ స్థాపకులలో నొకడైన రీడ్ హేస్టింగ్స్ 1983 నుండి రెండేండ్లు స్వాజిలాండులో గణితము చెప్పెను. యౌవనమన్న సంపాదకుల నియమమునకు లోబడనిది లిలియన్ కార్టర్: 68వ ఏట, 1966లో, బొంబాయి దాపున విఖ్రోలికి నర్సుగా వచ్చెను. ఆమె అచ్చటినుండి ఇంటికి వ్రాసిన ఉత్తరములు, కొడుకు అమెరికా అధ్యక్షుడైన 1977లో, పుస్తకముగానే అచ్చయినవి.