మీకు తెలుసా? మందు కొట్టేకొద్దీ మొండి పురుగే మిగులుతుంది

1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో ఎన్నిసార్లు పిచికారీ చేసినా శనగపచ్చ పురుగు చావలేదు. అంతకు కొన్నేళ్ల ముందు వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు అదే పురుగు ఇట్టే రాలిపోయేది.

పురుగు మందుకు అలవాటు పడిందని అంటుంటాం. నిజానికి ఏ ఒక్క పురుగూ తన బతుకులో మారదు. మందును తట్టుకునే జన్యువులున్నవి లక్షల్లో ఎక్కడో కొన్ని ముందే ఉంటాయి. మిగతావన్నీ చచ్చాక సంతానం వీటిదే. పురుగుకు ఒక తరమంటే ఇంచుమించు నెల. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం మన చేలలో ఇంత వేగంగా నడుస్తుంది!

తర్వాత పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తి 2002లో, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చాయి. 2015 నాటికి గులాబీ రంగు పురుగు రెంటినీ తట్టుకుంది. శనగపచ్చ పురుగు అంత తొందరగా లొంగని రకంగా మారలేదు. ఎందుకు? అది మిరప, కంది, శనగ కూడా తింటుంది. బీటీ లేని ఆ పంటల్లో పెరిగిన మామూలు రెక్కల పురుగులు వచ్చి మొండివాటితో జతకడతాయి, నిరోధకత పలచబడుతుంది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల నాన్-బీటీ పొట్లం ఇచ్చింది ఆ మామూలు పురుగుల కోసమే. చాలా చేలలో దాన్ని విత్తనే లేదు.

రైతన్నా, తీతలు అయ్యాక పత్తి కట్టెను చేలో నిలవ ఉంచకు. గులాబీ పురుగు తర్వాతి పంటదాకా అందులో తలదాచుకుంటుంది.